బుల్లితెర మీది గీతల లెక్క

టీవీ కొనబోయేవారికి దుకాణములో రెండు అంకెలు వినబడతాయి. మొదటిది తెర ఎన్ని అంగుళములన్నది. రెండవది ఆ తెరలో ఎన్ని గీతలు, ఎన్ని చుక్కలు ఉన్నవన్నది. ఈ రెండవదానికే 'హెచ్‌డీ రెడీ', 'ఫుల్ హెచ్‌డీ', '4కె' అని పేర్లు. అంగుళములు టేపు పెట్టి కొలుచుకొనవచ్చును. గీతల సంగతి మాత్రము అమ్మేవాని మాట మీద నమ్మవలసినదే. గీతలు పెరిగినకొద్దీ బొమ్మ బాగుంటుందని అతడు చెబుతాడు. మిత్రులు కొందరు ఇందులో నిజమెంత అని అడిగినందువల్ల ఈ అంకెల పుట్టుపూర్వోత్తరములు కొంత పరిశీలించినాను. ఈ ఎంపిక నేటిది కాదని, ఇంటింటి టీవీ పుట్టిన నాడే ఇదియును పుట్టినదని తెలిసినది.

1926 జనవరి 26న లండనులో జాన్ లోగీ బెయిర్డ్ అను స్కాట్లండు దేశీయుడు తన యంత్రమును శాస్త్రజ్ఞుల ఎదుట ప్రదర్శించినాడు. అందులో బొమ్మకు 30 గీతలే. మనిషి ముఖమును గుర్తుపట్టుటకు అవి చాలును, అంతకు మించి లేదు. పది సంవత్సరముల తరువాత, 1936 నవంబరు 2న, బీబీసీ వారు అలెగ్జాండ్రా ప్యాలెస్ నుండి నిత్య ప్రసారములు ఆరంభించినారు. అప్పటికి రెండు పద్ధతులు పోటీలో ఉన్నవి. బెయిర్డ్ సంస్థది 240 గీతలు, మార్కోనీ-ఈఎంఐ వారిది 405 గీతలు. ఒకదాని తరువాత ఒకటిగా వంతులవారీగా ప్రసారము చేసినారు. ఆనాటి టీవీ పెట్టెలకు రెండింటిలో ఏది వస్తే దానికి మార్చుకొనుటకు ఒక మీట కూడ ఉండెడిది.

1937 ఫిబ్రవరి నాటికి 405 గీతల పద్ధతి నిలిచినది, 240 తొలగినది. అయితే గెలుపు కేవలము అంకెలది కాదు. బెయిర్డ్ పద్ధతిలో మొదట ఫిల్ము మీద చిత్రించి, దానిని అప్పటికప్పుడు కడిగి, ఆ తరువాత ప్రసారము చేసేవారు. ఆ కెమెరా కదలదు. ఈఎంఐ వారి ఎలక్ట్రానిక్ కెమెరా కదులుతుంది, తోటలోనికి కూడ పోతుంది. గీతల వెనుక ఉన్న పనితనము ఆనాడే తీర్పు చెప్పినది.

ఈ 405, 525, 625 అను వింత సంఖ్యలు ఎందుకని నాకు చాలాకాలము సందేహము. పద్యమును గణములుగా విడదీసినట్లు వీటిని విడదీస్తే రహస్యము బయటపడుతుంది. 405 అనగా నాలుగు మూళ్ళు, ఒక ఐదు గుణించగా వచ్చినది. 525 అనగా ఒక మూడు, రెండు ఐదులు, ఒక ఏడు. 625 అనగా నాలుగు ఐదులు. బొమ్మలో బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి గీయుట ఆనాటి పద్ధతి. దానికి మొత్తము బేసి సంఖ్య కావలెను. నాటి పరికరములు చిన్న చిన్న సంఖ్యలతోనే నమ్మకముగా భాగించగలిగేవి. అందువలన ఈ సంఖ్యలు కుదిరినవి. అమెరికా 1941లో 525 గీతలను ప్రమాణము చేసుకొన్నది. యుద్ధానంతరము ఐరోపాలో పెక్కు దేశములు 625ను గ్రహించినవి. ఫ్రాన్సు 819 గీతలకు పోయినది. కాని ఒక్కొక్క చానలుకు గాలిలో ఎక్కువ చోటు కావలసి వచ్చినది. చివరకు ఆ దేశమును దానిని వదలి 625కే వచ్చినది. పెద్ద అంకె ఓడిపోయిన సందర్భమిది.

మన దేశమునకు వచ్చినది 625. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రసారములు మొదలైనవి. 1975-76లో ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రముల పల్లెలకు పాఠములు చూపిన 'సైట్' ప్రయోగములో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడ ఉన్నవి. 1977లో హైదరాబాదు కేంద్రము వచ్చినది. 1982లో రంగులు వచ్చినవి గాని గీతలు పెరగలేదు. ఆ 625లోను బొమ్మకు ఉపయోగపడేవి 576 మాత్రమే. మిగిలిన కాలము కిరణము మరల పైకి చేరుటకు సరిపోతుంది.

జపానులో ఎన్‌హెచ్‌కే సంస్థ 1964 నుండి మేలైన టీవీ కొరకు పరిశోధన సాగించినది. వారు తెర ఎత్తుకు మూడు రెట్ల దూరములో కూర్చున్న మనిషిని దృష్టిలో ఉంచుకొని 1125 గీతల పద్ధతిని రూపొందించినారు. ఇదే గ్రహించవలసిన విషయము. గీతల సంఖ్య తెరకు మాత్రమే సంబంధించినది కాదు, కూర్చున్నవాని దూరమునకు సంబంధించినది.

సామాన్యమైన మంచి చూపు డిగ్రీలో అరువదవ వంతు వరకే రెండు చుక్కలను వేరుపరచగలదు. ఆ లెక్కన 32 అంగుళముల తెర మీద, మన దుకాణములలో 'హెచ్‌డీ రెడీ' పేరుతో అమ్మే 768 వరుసల చుక్కలు ఆరడుగుల దూరములో కలిసిపోతాయి. 43 అంగుళముల తెర మీద ఫుల్ హెచ్‌డీ 1080 వరుసలు ఐదున్నర అడుగులకే కలిసిపోతాయి. 55 అంగుళములకు ఆ దూరము సుమారు ఏడడుగులు. తొమ్మిది అడుగుల దూరములో మంచము వేసుకొని చూచేవారు 43 అంగుళముల తెర మీద 4కె చుక్కల కొరకు అదనముగా చెల్లించిన సొమ్ము కంటికి చేరదు. రంగుల నాణ్యత, వెలుగునీడల తేడా వేరు సంగతి, వాటిని వేరుగా చూచుకొనవలెను.

తెర ఒక్కటే చాలదు, మూలము కూడ ఉండవలెను. 1957 నాటి 'మాయాబజార్' ఫిల్ము మీద తీసినది. మంచి నెగెటివు చెడకుండ ఉంటే ఫిల్ములో హెచ్‌డీకి మించిన వివరము దాగి ఉంటుంది. ఎనుబదులలో వీడియో టేపు మీదికి ఎక్కించిన అవధానములకు, కవిసమ్మేళనములకు, హరికథలకు ఆ భాగ్యము లేదు. వాటికి 576 గీతలే ఎల్ల. ముప్పది ఏండ్ల ముందు తీసిన సినిమా కొత్త తెర మీద మెరుస్తుంది, తరువాత తీసిన అవధానము మసకగా ఉంటుంది. ఈ సంగతి గ్రహించినప్పుడు నాకు విచారము కలిగినది. ఎంత ఖరీదైన తెరయైనను లేని గీతలను ఊహించి పూరించగలదే గాని, ఆనాటి అవధాని ముఖము మీది కవళికలను తిరిగి తేలేదు. ఆ టేపులు ఏటేట చెడిపోతూ ఉంటాయి. మీ ఇండ్లలో అటువంటివి ఉంటే కొత్త టీవీ కన్న ముందు వాటిని కంప్యూటరులోనికి ఎక్కించుకొనండి.

ఇక కొనబోయేవారికి నా సలహా ఇది. ముందు ఇంటిలో కుర్చీ నుండి గోడ వరకు దూరము కొలవండి. పిదప మీరు చూచే చానళ్ళు ఎస్‌డీవో హెచ్‌డీవో తెలుసుకొనండి. ఈ రెండూ కాగితము మీద వ్రాసుకొని దుకాణమునకు పొండి. అంగుళముల లెక్కయును, గీతల లెక్కయును అక్కడ వాటంతటవే తేలుతాయి.