పాయింట్ థర్టీటూ పుట్టుక

హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట వైపు వెళ్తుంటే హకీంపేటలో కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్‌ఎఫ్) వారి శిక్షణ అకాడమీ ‘నిసా’ తగులుతుంది. అక్కడి అధికారి నడుముకు 9 ఎం.ఎం. పిస్తోలు ఉంటుంది. అదే దారిలో ఫామ్‌హౌస్ కట్టుకుని, పోలీసు కమిషనర్ దగ్గర లైసెన్సు తెచ్చుకున్న ఆసామి నడుముకు ఉండేది మాత్రం మామూలుగా .32 క్యాలిబర్ తుపాకీ. వారి తూటా వీరి తుపాకీలో ఎక్కదు. ఎక్కకూడదన్నదే చట్టం.

దీని మూలం వైస్రాయ్ లార్డ్ లిట్టన్ కాలంలో ఉంది. 1878 ఆయుధ చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసి, తెల్లవాణ్ణి వదిలేసింది. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో చేసిన కొత్త చట్టం 1962లో అమల్లోకి వచ్చింది. ఆ ఏటి నిబంధనల్లోనే అసలు మెలిక ఉంది. సైన్యం వాడే 9 ఎం.ఎం., .45, .380, .455 తూటాలు పట్టే పిస్తోళ్లూ రివాల్వర్లూ మామూలు జనానికి నిషిద్ధం. సర్కారు గోదాములోంచి మందుగుండు జారిపోయినా బయట దాన్ని పేల్చే తుపాకీ ఉండకూడదన్న జాగ్రత్త. ఆ గీతకు ఇవతల మిగిలిన వాటిలో .32దే పైచేయి అయింది.

పిస్తోలుకు వాడే .32 తూటా 1899 నాటిది. అమెరికన్ జాన్ బ్రౌనింగ్ రూపకల్పన, బెల్జియం ఎఫ్.ఎన్. కంపెనీ తయారీ. దీని శక్తి 9 ఎం.ఎం. తూటాలో మూడో వంతు, కాస్త అటూఇటూ. ఆ బలహీనతే దానికి కలిసొచ్చింది. పేలుడు తాకిడికి గొట్టాన్నీ, వెనక్కి జరిగే పైభాగమైన స్లైడునూ బిగించి పట్టే తాళం అక్కర్లేదు. స్లైడు బరువు, వెనకాల స్ప్రింగు చాలు. భాగాలు తగ్గాయి, బరువూ తగ్గింది. 1910 నాటి బ్రౌనింగ్ పిస్తోలు దాదాపు 600 గ్రాములే.

పెద్ద పిస్తోలును తేలిక చేయడం వేరే కథ. అమెరికాలో కోల్ట్ వారు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అల్యూమినియం చట్రంతో ‘కమాండర్’ తెచ్చారు. 1982లో ఆస్ట్రియా సైన్యం ప్లాస్టిక్ చట్రం గ్లాక్‌ను తీసుకుంది. పదిహేడు తూటాలు పట్టే నిండు సైజు పిస్తోలు, మ్యాగజైన్ లేకుండా తూస్తే దాదాపు 630 గ్రాములే. ‘రోజూ నడుముకు ఏది పెట్టుకోవాలి’ అని అమెరికావాడు గంటల తరబడి వాదించుకునేది ఇలాంటి వాటి గురించే. శామీర్‌పేటలో ఆ చర్చకు తావు లేదు. గ్లాక్ 9 ఎం.ఎం. కదా! పైగా 1980ల నడిమి నుంచి మామూలు పౌరుడికి విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు మూసుకుపోయింది. అంతకు ముందు వచ్చిన వెబ్లీలూ వాల్తర్లూ చేతులు మారుతూ, ధర పెంచుకుంటూ తిరుగుతుంటాయి.

ప్రధానంగా మిగిలింది సర్కారు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల సరుకు: ‘అశని’ పిస్తోలు, కాన్పూర్ రివాల్వర్లు. 1942లో మొదలైన కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ చాలాకాలం వెబ్లీ మార్క్ 4 నమూనానే నమ్ముకుంది. 2014లో ‘నిర్భీక్’ తెచ్చింది. ఆడవాళ్ల రక్షణ కోసమన్నారు. టైటానియం మిశ్రలోహం, ఆరు తూటాలు, 500 గ్రాములు. నగలపెట్టె లాంటి మెరూన్ పెట్టెలో పెట్టి ఇచ్చారు. అప్పటి ధర 1,22,360 రూపాయలు! ఆ పెట్టె చూస్తే నాకు నవ్వొస్తుంది గానీ, లోహం ఎంపికను తప్పుపట్టలేను. మన ఎండల్లో చొక్కా కింద చెమటకు నానే తుపాకీకి మామూలు ఉక్కు కంటే టైటానియమే నయం, తుప్పు బాధ ఉండదు. 2023లో వచ్చిన ‘ప్రబల్’ 700 గ్రాములు తూగుతుంది. తూటాల చక్రం పక్కకు తెరుచుకుంటుంది. అదీ .32 రివాల్వరే.

దాచుకుని తిరగడం విషయంలో మాత్రం మన చట్టం ముక్కుసూటిగా ఉంది. 2016 నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో పిస్తోలు హోల్‌స్టర్‌లోనో సంచిలోనో పూర్తిగా కప్పి ఉండాలి. బయటికి తీసి ఝళిపించడం నేరం. 2019 సవరణ ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు దించింది, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది, పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చే సరదాకు జైలుశిక్ష పెట్టింది.

హైదరాబాద్‌లో తేలికైన తుపాకీ తయారు కాదనుకుంటే పొరపాటు. అల్యూమినియం, కార్బన్ ఫైబర్ కలిపి డీఆర్‌డీఓ, సైన్యం రూపొందించిన ‘అస్మి’ మెషిన్ పిస్తోలును తయారుచేస్తున్నది ఇక్కడి లోకేష్ మెషీన్స్ కంపెనీయే. 2024లో సైన్యం నార్తర్న్ కమాండ్ 550 తీసుకుంది. శామీర్‌పేట ఆసామికి మాత్రం అది దక్కదు. ఆటోమేటిక్ కావడం ఒకటి, 9 ఎం.ఎం. కావడం ఇంకొకటి.