పేరు మారింది, కోడ్‌లో మాత్రం పాత పేరే ఉంది: జెంకిన్స్ కథ

ఫోన్‌లో అప్‌డేట్ నొక్కితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. మరి ప్రపంచమంతా వాడే ఒక సాఫ్ట్‌వేర్‌కి, లోపలున్న ఒక్క లైబ్రరీని అప్‌డేట్ చేయడానికి దాదాపు పదేళ్లు ఎందుకు పట్టింది? ఈ ఎపిసోడ్ దాని గురించే.

ఆ సాఫ్ట్‌వేర్ పేరు జెంకిన్స్. మనం కోడ్ రాసి పంపగానే దాన్ని బిల్డ్ చేసి, టెస్టులు నడిపి, సర్వర్ మీద పెట్టేదాకా అన్నీ తనే చూసుకునే ఓపెన్ సోర్స్ టూల్. 2004లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేస్తున్న కొహ్‌సుకే కవాగుచి దీన్ని మొదలుపెట్టాడు. అప్పుడు దీని పేరు హడ్సన్. 2010లో సన్‌ని ఒరాకిల్ కొనేసింది. హడ్సన్ పేరు ఎవరిది అని గొడవ మొదలైంది. 2011 జనవరిలో కమ్యూనిటీ ఓటింగ్ పెట్టుకుని, పేరు జెంకిన్స్ అని మార్చుకుని వేరుపడింది.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఇంత గొడవపడి పేరు మార్చుకున్నారు కదా, ఇవాళ జెంకిన్స్ కోడ్ తెరిచి చూడండి. లోపల ప్యాకేజీల పేర్లు చాలావరకు ఇంకా హడ్సన్ అనే మొదలవుతాయి. ప్లగిన్ ఫైల్ చివర ఉండే హెచ్‌పీఐ అంటే కూడా హడ్సన్ ప్లగినే! ఎందుకు మార్చలేదు? మారిస్తే అప్పటిదాకా జనం రాసుకున్న ప్లగిన్లన్నీ ఆగిపోతాయి కాబట్టి.

జెంకిన్స్ బలమంతా ప్లగిన్లే. 1,800 పైచిలుకు ఉన్నాయి. చాలావాటిని వలంటీర్లే చూసుకుంటారు. ఇక్కడొక చిక్కుంది. ఉమ్మడి కుటుంబంలో అందరికీ ఒకటే వంటిల్లు ఉన్నట్టు, జెంకిన్స్ కోర్ తెచ్చిపెట్టిన లైబ్రరీలనే మామూలుగా ప్లగిన్లు కూడా వాడుకుంటాయి. వంటింట్లో ఒక డబ్బా మారిస్తే అందరి వంట మీదా దెబ్బ పడుతుంది.

ఆ డబ్బా పేరు గ్వావా. గూగుల్ వాళ్ల జావా లైబ్రరీ. 2012 జనవరిలో వచ్చిన 11.0.1 వెర్షన్ దగ్గరే జెంకిన్స్ ఆగిపోయింది. ఈలోగా గ్వావా 12, 13 అంటూ ముందుకెళ్లిపోయింది. దారిలో కొన్ని పాత మెథడ్స్‌ని పూర్తిగా తీసేసింది కూడా. అలా పోయిన మెథడ్‌ని వాడే ప్లగిన్ ఉందనుకోండి, అది ముందే కంపైలై ఉంటుంది కాబట్టి ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఏ ఎర్రరూ రాదు. ఆ లైన్ నడిచిన రోజే 'నో సచ్ మెథడ్' అని పడిపోతుంది. అది సరిగ్గా రిలీజ్ రోజే కావచ్చు. అందుకే ఎవరూ ముట్టుకోలేదు.

అయితే ముట్టుకోకపోవడం కూడా ఫ్రీ కాదు. పాత వెర్షన్‌కి సెక్యూరిటీ ఫిక్స్‌లు రావు. కొత్త గ్వావా కావాలన్న ప్లగిన్లకి దారి ఉండదు. ఏడాది గడిచేకొద్దీ దాటాల్సిన దూరం పెరుగుతూనే ఉంటుంది.

చివరికి 2021లో కూర్చున్నారు. 11 నుంచి ఏకంగా 31కి! కానీ కోర్‌లో నంబర్ మార్చడం ఆఖరి పని. ముందు, పోయిన మెథడ్స్‌ని ఏ ప్లగిన్లు వాడుతున్నాయో వెతికారు. ఒక్కో ప్లగిన్‌కి వెళ్లి, పాత గ్వావా మీదా కొత్త గ్వావా మీదా నడిచేలా మార్పులు పంపారు. అవి రిలీజయ్యాకే కోర్‌ని మార్చారు. అంటే ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టి చెప్పినట్టే.

దానికి ముందు ఏడాది, 2020లో, అసిగీ అనే సెక్యూరిటీ లైబ్రరీ విషయంలో ఇంకో దారి పట్టారు. అది ఎప్పుడో స్ప్రింగ్ సెక్యూరిటీగా మారిపోయింది. జెంకిన్స్ కొత్తదానికి మారింది కానీ, పాత ప్లగిన్ల కోసం అసిగీ పేర్లతో ఒక పొర అలాగే ఉంచింది. పాత తలుపు తీసేయకుండా వెనకాల కొత్త గది కట్టినట్టు.

జావా సంగతీ అంతే. జెంకిన్స్‌కి 2017లో జావా 8, 2022లో జావా 11, 2024లో జావా 17 తప్పనిసరయ్యాయి. ఒక్కోసారి ఒక్కో మెట్టు, అదీ ముందే చెప్పి.

రేపు మీ ప్రాజెక్ట్‌లో "ఈ వెర్షన్‌ని ఇక్కడే ఫిక్స్ చేసేద్దాం, తర్వాత చూద్దాం" అని ఎవరైనా అంటే, తప్పేం కాదు. కానీ ఆ 'తర్వాత' ఎప్పుడో అప్పుడే రాసిపెట్టుకోండి. నెలకోసారి ఒక్కో మెట్టు ఎక్కడం తేలిక. పదేళ్ల తర్వాత ఇరవై మెట్లు ఒకేసారి ఎక్కాల్సొచ్చేది, మీరు రాసిన కోడ్‌ని అప్పుడు చూసుకుంటున్న ఇంకెవరో.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.