కలుజు తీసేసిన చెరువు

ఆదివారం సాయంత్రం నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కి పోయే రోడ్డు పక్కన కాసేపు నిలబడితే చాలు, ఆ శబ్దం ఎప్పుడో ఒకప్పుడు వినబడుతుంది. కారు స్పీడందుకుంటుంది. గేరు మార్చడానికి డ్రైవర్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాడు. బానెట్ కింద నుంచి ‘స్తు-తు-తు-తు’మని ఓ చప్పుడు, పావురాల గుంపు ఒక్కసారిగా లేచినట్టు. ఈ చప్పుడు కోసం కుర్రాళ్లు కారులోంచి ఒక భాగాన్ని పనిగట్టుకుని తీయిస్తారు. దాని పేరు డంప్ వాల్వ్. శబ్దం కోసం ఒక వస్తువును కొని బిగించుకోవడం నాకు అర్థమవుతుంది. ఉన్నదాన్ని పీకేసి శబ్దం తెచ్చుకోవడమే కొంచెం వింత.

అసలా వాల్వ్ ఎందుకుందో చెప్పడానికి నెల్లూరు వాళ్లకి ఒక్క మాట చాలు: కలుజు. చెరువు నిండాక మిగులు నీళ్లు కట్ట తెగకుండా బయటికి పోయే దారి. తెలంగాణలో అలుగు అంటారు. టర్బో కారులో ఇంజిన్ వదిలే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీదున్న రెండో చక్రం గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి తోస్తుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు సులువుగా దాటుతుంది. అంత జోరు మీదున్నప్పుడు మీరు కాలు తీశారనుకోండి, ఇంజిన్ గుమ్మం దగ్గర ఉండే థ్రాటిల్ రేకు ఠక్కున మూసుకుంటుంది. చక్రం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది, గాలిని తోస్తూనే ఉంది. ఆ గాలి ఎక్కడికి పోవాలి? థ్రాటిల్ అవతల ఏర్పడ్డ వ్యాక్యూమ్ ఒక చిన్న గొట్టం ద్వారా వాల్వ్‌ని లాగి తెరుస్తుంది. గాలి మళ్లీ ఇంటేక్‌లోకి, లేదంటే ‘ఉస్స్’మంటూ బయటికి పోతుంది. వాల్వే లేకపోతే వచ్చిన దారినే వెనక్కి, తిరుగుతున్న రెక్కల మీదుగా ఎదురు తన్నుతుంది. ఆ తన్నులాటే మైపాడు రోడ్డు మీది పావురాలు. ఇంజినీర్లు దాన్ని కంప్రెసర్ సర్జ్ అంటారు.

ఈ చరిత్రలో నాకు బాగా నచ్చే విషయం, టర్బో పుట్టినప్పుడు ఈ సమస్యే లేకపోవడం. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బుషీ 1905లో పేటెంట్ తీసుకున్నాడు. అది అక్కరకొచ్చింది మాత్రం ఇరవై ఏళ్ల తర్వాత, ఓడల్లో. ప్రాయిసెన్, హాన్సెస్టాట్ డాన్జిగ్ అనే రెండు జర్మన్ ప్రయాణికుల నౌకల డీజిల్ ఇంజిన్లకి టర్బో పెడితే 1,750 హార్స్‌పవర్ కాస్తా 2,500 అయింది. డీజిల్ ఇంజిన్ జోరు తగ్గించడానికి గాలిని ఆపక్కర్లేదు, ఇంధనం తగ్గిస్తే సరిపోతుంది. మూసుకునే తలుపు లేదు కాబట్టి మామూలు డీజిల్‌కి డంప్ వాల్వ్ అవసరమూ లేదు. కృష్ణపట్నం రేవుకొచ్చే ఓడలకీ, అక్కడి నుంచి సరుకెత్తుకుపోయే లారీలకీ టర్బోలుంటాయి, ఈ వాల్వ్ ఉండదు. మరి లారీ ఆగినప్పుడు వచ్చే ‘తుస్సు’ ఏంటంటారా, అది ఎయిర్ బ్రేకుల గాలి. టర్బోకీ దానికీ సంబంధం లేదు.

తలుపు పెట్రోల్ కారుతో వచ్చింది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కొర్వైర్ మోంజా స్పైడర్, 1973లో బీఎండబ్ల్యూ 2002 టర్బో, ఆ వెనక పోర్షా, సాబ్. 1977లో రెనో టర్బోని ఫార్ములా వన్‌కి తెచ్చింది. 1979లో దిజోఁలో గెలిచేదాకా దాన్ని చూసి నవ్వినవాళ్లే ఎక్కువ. ఎనభైల్లో గ్రూప్ బి ర్యాలీ కార్లొచ్చాయి. వరస ప్రమాదాల తర్వాత 1986తో ఆ పోటీలే ఆపేశారు గానీ వాటి మోత మాత్రం వీడియోల్లో మిగిలిపోయింది. మన కుర్రాళ్లు వెతుక్కుంటున్నది ఆ మోతనే. మన దేశంలో టర్బో పెట్రోల్ మామూలు ఇళ్ల ముంగిట్లోకి వచ్చింది ఈ మధ్యే: 2014లో టాటా జెస్ట్, 2017లో నెక్సాన్, 2019లో హ్యుండాయ్ వెన్యూ. అంటే నలభై ఏళ్ల నాటి చప్పుడు ఈఎంఐ కార్లలోకి దిగింది.

తీసేస్తే ఏమవుతుంది? రెండు పక్షాలూ అతిగా చెబుతాయి. ఒకరు టర్బో మర్నాడే పేలిపోతుందంటారు, ఇంకొకరు ఏమీ కాదంటారు. నిజానికి ఒత్తిడి తక్కువున్న కారులో చాలాకాలం ఏమీ తెలియదు. పాత టర్బో కార్లు కొన్ని అసలీ వాల్వ్ లేకుండానే తిరిగాయి. కానీ కాలు తీసిన ప్రతిసారీ చక్రానికి ఎదురుదెబ్బ తగులుతుంది, వేగం పడిపోతుంది, మళ్లీ తొక్కినప్పుడు పుంజుకోవడం ఆలస్యమవుతుంది. ఇరుసును ముందుకీ వెనక్కీ జరక్కుండా పట్టే థ్రస్ట్ బేరింగ్ మీద భారం అటూ ఇటూ మారుతుంటుంది. ఒత్తిడి ఎంత పెంచుకుంటే అరుగుదల అంత తొందర. వాల్వ్ ఉంచి, గాలిని బయటికి ఊదేలా మార్చినా చిక్కే. లోపలికొచ్చే గాలిని సెన్సర్‌తో కొలిచే కార్లలో కంప్యూటర్ ఆ గాలిని అప్పటికే లెక్కేసి, దానికి తగ్గ పెట్రోల్ పోస్తుంది. లెక్కలో ఉన్న గాలి ఇంజిన్‌లో లేదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇలాంటి బగ్గులు కొత్త కాదు.

ఊళ్లో ఒక మెకానిక్‌ని అడిగాను, తీసేసిన వాల్వులు ఏం చేస్తారని. “డబ్బాలో ఏసి పెట్టుకుంటారు సార్, కారు అమ్మేటప్పుడు మళ్లా బిగిచ్చుకుంటారు,” అన్నాడు. కొనేవాడి గతేంటని అడగలేదు.

ఇంకో రకం కూడా ఉంది: వాల్వ్ ఉంటుంది, సరిగ్గా మూసుకోదు. లోపలి రబ్బరు పొర చిరిగితే కూడబెట్టిన ఒత్తిడి దొంగదారిన పోతుంది, కారు నీరసపడుతుంది. దీనికి అతి ఖరీదైన ఉదాహరణ మా తీరం మీదే దొరుకుతుంది. జిల్లా గీతలు మారి శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, చిన్నప్పుడు మేడెక్కి రాకెట్లు చూసిన మాకు అది నెల్లూరే. 2021 ఆగస్టు 12 తెల్లవారుజామున 5:43కి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 లేచింది. కింది దశలు బాగానే పనిచేశాయి, పైనున్న క్రయోజెనిక్ ఇంజిన్ మాత్రం అందుకోలేదు. ఈఓఎస్-03 ఉపగ్రహం పోయింది. విచారణ కమిటీ తేల్చింది చదివితే మన కారు కథలాగే ఉంటుంది. ద్రవ హైడ్రోజన్ ట్యాంకులో మిగులు ఒత్తిడిని వదిలే వెంట్ అండ్ రిలీఫ్ వాల్వ్ కారి ఉండొచ్చు, బహుశా మెత్తటి సీలు దెబ్బతిని. దాంతో ట్యాంకులో ఒత్తిడి తగ్గింది, ఇంజిన్‌కి ఇంధనం తోసే బూస్టర్ టర్బో పంపు గతి తప్పింది. 2010 ఏప్రిల్ 15న జీఎస్‌ఎల్‌వీ-డీ3 కూలినప్పుడూ అలాంటి బూస్టర్ పంపే ఆగిపోయింది, కాకపోతే కారణం వేరు. ఎఫ్10 తర్వాత వాల్వ్‌ని గట్టిపరచమన్నారు, ఇంజిన్ వెలిగే ముందే ట్యాంకులో ఒత్తిడి నింపే ఏర్పాటు పెట్టమన్నారు. 2023 మే 29న ఎఫ్12 సాఫీగా వెళ్లింది.

అదే 2021లో, రాకెట్ పోయిన మూడు నెలలకి, మూడో రకం చూశాం: తెరుచుకోవాల్సినప్పుడు తెరుచుకోనిది. నవంబరు 19 తెల్లవారుజామున రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఎగువన పింఛా కట్ట అప్పటికే తెగింది. అన్నమయ్యకున్న అయిదు గేట్లలో ఒకటి పనిచేయడం లేదని తర్వాత కేంద్రమంత్రి పార్లమెంటులో చెప్పారు. వచ్చిన వరద డిజైన్‌కి మించినదే కాబట్టి ఆ ఒక్క గేటూ లేచి ఉంటే కట్ట నిలబడేదని నేను అనను. కానీ వరద వచ్చేనాటికి ఆ గేటు బాగుపడలేదన్నది వాస్తవం. మైపాడు రోడ్డు మీద పోయేది ఒకడి సొంత టర్బో. ఇక్కడ పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు మునిగాయి, మనుషులు పోయారు.

చెయ్యేరు పెన్నలో కలుస్తుంది, పెన్న సోమశిల దాటి మా ఊరికొస్తుంది. ఆ వారాంతం నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కిందున్న కట్ట కోసుకుపోయింది, పట్టాలు గాల్లో వేలాడాయి, హైవే కూడా తెగింది. గూడూరు, విజయవాడల మధ్య రైళ్లు ఆగిపోయాయి.