తొలగించిన ఫైళ్ల పునరుద్ధరణ: ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

మీరు నెల రోజులు శ్రమించి తయారుచేసుకున్న ప్రాజెక్టు నివేదిక పొరపాటున డిలీట్ అయిందనుకుందాం. అది ఎక్కడికి పోయింది? తిరిగి దొరుకుతుందా? ఈ ప్రశ్నలకు సమాధానం ఒక్కో కాలంలో ఒక్కో విధంగా ఉంది. ఆ మార్పును మూడు దశలుగా పరిశీలిద్దాం.

2. మొదటి దశ: పేరు పోయినా సమాచారం మిగిలిన కాలం

ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటర్‌ను 1981 ఆగస్టులో విడుదల చేసింది. అందులో వాడిన డాస్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్లాపీ డిస్క్‌పై ముఖ్యంగా రెండు పట్టికలను నిర్వహించేది. మొదటిది ఫైళ్ల పేర్లు ఉండే డైరెక్టరీ. రెండవది ఏ ఫైలు డిస్క్‌లోని ఏయే భాగాలలో ఉందో చూపే కేటాయింపు పట్టిక. దీనినే ఫ్యాట్ అంటారు.

ఫైలును తొలగించమని ఆదేశిస్తే డాస్ చేసే పనులు రెండే. డైరెక్టరీలో ఆ పేరులోని మొదటి అక్షరాన్ని తీసి, అక్కడ 229 విలువ గల సంకేతాన్ని ఉంచేది. ఫైలు ఉన్న స్థలాన్ని కేటాయింపు పట్టికలో ఖాళీగా నమోదు చేసేది. అసలు సమాచారం జోలికి పోయేది కాదు. గ్రామ అడంగల్‌లో రైతు పేరు కొట్టివేసినంత మాత్రాన పొలం మాయం కాదు కదా! మరొకరు వచ్చి దున్నే వరకు పాత పంట కొయ్యకాళ్లు అందులో ఉంటూనే ఉంటాయి. ఈ పద్ధతి వల్ల సమయం ఆదా అయ్యేది. నెమ్మదిగా పనిచేసే ఆనాటి ఫ్లాపీపై ఫైలు మొత్తాన్ని చెరపడం కంటే పట్టికను సవరించడం చాలా తేలిక.

ఈ అవకాశాన్ని అమెరికా ప్రోగ్రామర్ పీటర్ నార్టన్ వినియోగించుకున్నాడు. తన ఫైలు ఒకటి పొరపాటున చెరిగిపోతే, దానిని తిరిగి రాబట్టడానికి ఆయనే ఒక ప్రోగ్రామ్ రాసుకున్నాడు. 1982లో వెలువడిన నార్టన్ యుటిలిటీస్‌లో ‘అన్ఎరేజ్’ ముఖ్యమైన సాధనమైంది. పోయిన మొదటి అక్షరాన్ని వాడేవారే తిరిగి చెప్పవలసి వచ్చేది. ఫైలు వరుస భాగాలలో ఉంటే సులభంగా దొరికేది. చెల్లాచెదురుగా ఉంటే కష్టమయ్యేది.

3. రెండవ దశ: చెత్తబుట్ట కాలం

ఆపిల్ సంస్థ 1983లో లీసా కంప్యూటర్‌లోను, 1984లో మెకింటోష్‌లోను తెరపై చెత్తబుట్ట బొమ్మను ప్రవేశపెట్టింది. మైక్రోసాఫ్ట్ 1991లో ఎం.ఎస్. డాస్ 5.0లో ‘అన్‌డిలీట్’ ఆదేశాన్ని చేర్చింది. 1995లో విండోస్ 95తో రీసైకిల్ బిన్ వచ్చింది. అంతకుముందు నిపుణుల సాధనాలతో సాధ్యమైన పని ఇప్పుడు సామాన్యులకూ అందింది. అయితే బిన్‌లో ఉన్న ఫైలు నిజానికి తొలగిపోలేదు, చోటు మారింది అంతే. షిఫ్ట్, డిలీట్ మీటలు కలిపి నొక్కినా, పెన్‌డ్రైవ్ నుంచి తొలగించినా ఫైలు సాధారణంగా బిన్‌లోకి చేరదు.

4. మూడవ దశ: సాలిడ్ స్టేట్ డ్రైవ్‌లు

హార్డ్ డిస్క్‌లో పాత సమాచారంపైనే కొత్తది రాయవచ్చు. సాలిడ్ స్టేట్ డ్రైవ్‌లోని ఫ్లాష్ మెమరీలో ముందుగా పాతదాన్ని చెరిపితేనే కొత్తది రాయడం వీలవుతుంది. అందుకే ఫైలును తొలగించగానే, ఆ స్థలం ఇక అక్కరలేదని ఆపరేటింగ్ సిస్టమ్ డ్రైవ్‌కు తెలియజేస్తుంది. ఈ ఆదేశాన్ని ట్రిమ్ అంటారు. 2009లో విడుదలైన విండోస్ 7 దీనికి వీలు కల్పించింది. ట్రిమ్ అందుకున్న డ్రైవ్ ఆ స్థలాన్ని తానే శుభ్రం చేసుకుంటుంది. అడంగల్‌లో పేరు కొట్టివేసిన కబురు అందగానే పొలానికి నాగలి వచ్చినట్లన్నమాట. అప్పుడు పునరుద్ధరణ సాఫ్ట్‌వేర్‌తో ఫలితం దక్కడం అరుదు.

5. చరిత్ర విద్యార్థికి దీని ప్రాధాన్యం

చరిత్రకారులకు ఆధారాలే ప్రాణం. 1986లో ఇరాన్–కాంట్రా వ్యవహారం బయటపడుతున్నప్పుడు అమెరికా జాతీయ భద్రతా మండలి అధికారులు జాన్ పాయిండెక్స్టర్, ఆలివర్ నార్త్ తమ కంప్యూటర్ సందేశాలను వేల సంఖ్యలో తొలగించారు. అవి పర్సనల్ కంప్యూటర్‌లో గాక కార్యాలయపు పెద్ద కంప్యూటర్‌లో ఉండేవి. వాటి నకళ్లు బ్యాకప్ టేపులలో మిగిలిపోవడంతో విచారణకు సాక్ష్యం దొరికింది. డిస్క్ ఏ రకమైనదైనా, మరొక చోట ఉన్న నకలే గట్టి రక్షణ అని దీనివల్ల తెలుస్తుంది.

6. మీరు పాటించవలసినవి

ఫైలు పోయిందని గమనించగానే మొదట రీసైకిల్ బిన్‌లో చూడండి. అక్కడ లేకపోతే ఆ డిస్క్‌పై కొత్తగా ఏదీ సేవ్ చేయవద్దు. పునరుద్ధరణ సాఫ్ట్‌వేర్‌ను కూడా అందులో ఇన్‌స్టాల్ చేయవద్దు. మీకు కావలసిన ఫైలు ఉన్న స్థలంలోనే అది వచ్చి కూర్చోవచ్చు. దొరికిన ఫైళ్లను వేరే డ్రైవ్‌లో భద్రపరచండి.

7. సారాంశం

తొలి దశలో తొలగించడమంటే పట్టికలో పేరు కొట్టివేయడమే. రెండవ దశలో పునరుద్ధరణ ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగమైంది. మూడవ దశలో, ఒకప్పుడు మనల్ని కాపాడిన వ్యవధి బాగా తగ్గిపోయింది. కనుక మీ నివేదికకు ఈరోజే మరొక నకలు తీసి వేరొక చోట ఉంచుకోండి.

8. మీ ప్రగతిని సమీక్షించుకోండి

అ) డాస్‌లో తొలగించిన ఫైలును తిరిగి పొందడం ఎలా సాధ్యమయ్యేది?
ఆ) రీసైకిల్ బిన్ రాకతో వచ్చిన మార్పు ఏమిటి? దాని పరిమితులు ఏవి?
ఇ) ట్రిమ్ వల్ల పునరుద్ధరణ ఎందుకు కష్టమైందో వివరించండి.