ఆరు మెట్టు మీద ఐదున్నర



గత వేసవిలో నా పూర్వవిద్యార్థి యొకడు గిటారుతో మా ఇంటికి వచ్చాడు. బాక్ రచన వినిపిస్తానని కూర్చుని, మొదట చేసిన పని ఆరు తంత్రులనూ ఒక్కొక్క అరమెట్టు వదులు చేయడం. "సరిగా ఉన్నవాటిని ఎందుకురా చెడగొడతావు?" అన్నాను. "ఆ కాలపు సంగీతాన్ని 415లో వాయిస్తారు సార్" అన్నాడు. బాక్ గిటారుకై ఏమీ వ్రాయలేదు. ల్యూట్ అనే వాద్యానికి చెందినవిగా పేరొందిన రచనలను గిటారు వాద్యకులు తమవి చేసుకున్నారు. తంత్రుల బిగువు పదోవంతుకు పైగా తగ్గడంతో నాదం మెత్తబడింది. వినడానికి హాయిగానే ఉంది. నా ఆలోచన మాత్రం అంకె దగ్గరే ఆగిపోయింది.

415 అంటే 'ఎ' అనే స్వరానికి సెకనుకు 415 కంపనాలు. నేడు లోకం పాటించేది 440. ఇది 1939లో లండనులో జరిగిన సమావేశపు నిర్ణయం, 1955లో అంతర్జాతీయ ప్రమాణమైంది. మన హార్మోనియం లెక్కలో ఆ 'ఎ' ఆరు శ్రుతి. దానికి వెంటనే కిందనున్న నల్లమెట్టు ఐదున్నర. దాని కంపనాలు 415. అంటే మావాడు ఆరును ఐదున్నరకు దించాడన్నమాట. నాటక హార్మోనిస్టు గాయకుని గొంతు చూసి రోజూ చేసే పనే ఇది!

అయితే బాక్ నాటి ఐరోపా అంతటా 415 ఉండేదనుకుంటే పొరపాటు. ఆ కాలంలో ఊరికొక శ్రుతి. బాక్ 1723 నుండి 1750 వరకు పనిచేసిన లైప్‌జిగ్‌లో చర్చి ఆర్గాన్ తక్కిన వాద్యాలకన్న ఒక పూర్తిస్వరం హెచ్చుగా ఉండేది. అందుచేత దాని భాగాన్ని ఒక స్వరం దించి వ్రాసుకునేవారు. పారిస్ సంగీతనాటకశాలలో 415కన్న మరొక అరమెట్టు కింద పాడేవారు. నాటి ల్యూట్ బోధినులైతే పైతంత్రిని తెగకుండా ఎంత బిగించగలిగితే అంత బిగించి, తక్కినవాటిని దానికి కలుపుకొమ్మన్నాయి. తంత్రి ఓర్పే ప్రమాణం! 415 నిజానికి ఇరవయ్యో శతాబ్దివారి వెసులుబాటు. 440కి సరిగ్గా ఒక మెట్టు కింద ఉండడంవల్ల, హార్ప్సికార్డు మెట్లవరుసను పక్కకు జరిపితే రెండు శ్రుతులూ ఒక్క వాద్యంలోనే దొరుకుతాయి. మన స్కేల్ ఛేంజర్ హార్మోనియంలోనూ మెట్లవరుస ఇలాగే జరుగుతుంది.

మన శాస్త్రాలు స్వరానికీ స్వరానికీ నడుమ దూరాన్ని కొలిచాయే గాని, షడ్జం ఇంత ఎత్తున ఉండాలని శాసించలేదు. భరతుడు నాట్యశాస్త్రంలో రెండు వీణలను పక్కపక్కన పెట్టి, ఒకదానిని మాత్రమే సవరిస్తూ శ్రుతిభేదాలను నిరూపించాడు. ఆ తొలి వీణ ఏ శ్రుతిలో ఉండాలో చెప్పలేదు. నెమలి కేక షడ్జమని శిక్షాగ్రంథం అంటుంది. ఏ నెమలి అని అడగరాదు. ఆధారషడ్జం గాయకుని కంఠానిది, వైణికుని తంత్రిది.

మరి "ఒకటిన్నర శ్రుతి", "ఐదు శ్రుతి" అని అనాదిగా అంటున్నట్టే అంటున్నామే, అదెక్కడిది? తెల్లమెట్లకు ఒకటి నుండి ఏడు వరకు అంకెలు వేసి, నల్లమెట్లను అరలుగా లెక్కించినది హార్మోనియం వచ్చిన తరువాతనే. తమిళులు 'కట్టై' అంటారు. ఆ మాటకు కొయ్యముక్క అని అర్థం, అనగా మెట్టు. పారిస్‌లో దెబెయిన్ 1842లో హార్మోనియానికి హక్కుపత్రం పొందాడు. పందొమ్మిదో శతాబ్ది చివరిపాదంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దానిని చేతిపెట్టెగా మార్చి తయారుచేయించాడు. 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో మొదలైన నాటకసమాజం మొదలుకొని పద్యనాటకమంతా దానిని ఆశ్రయించింది. మైకులు లేని కాలంలో చివరి వరుసకు పద్యం వినబడాలంటే హెచ్చు శ్రుతి తప్పదు. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని వెలివేసి 1971లో కొంత సడలించింది. గమకం పలకదన్న ఆక్షేపణ న్యాయమైనదే; కాని రంగస్థలం ఆ నిషేధాన్ని లెక్కచేయలేదు.

అసలు చెప్పదలచినది ఇక్కడికి వచ్చింది. మా ఆర్మూరులో, సిద్ధులగుట్ట భజనలకు వెళ్ళే పెద్దల దగ్గర ఒక పాత పెట్టె ఉండేది. రీడ్లు పారిస్‌వని వారి మాట. ఏడాదిలో సగభాగం పసుపు గోనెల పక్కనే ఉండేది. ఈనాటికీ తిత్తి కదిపితే పసుపు వాసన కొడుతుంది. వారి తరువాత అది నా చేతికి వచ్చింది. ఎలక్ట్రానిక్ కీబోర్డుతో కలవడంలేదని భజనలో కుర్రవాళ్ళు విసుక్కున్నారు. పెట్టె కొద్దిగా కిందకు పలికేది, అరమెట్టులో అయిదోవంతు కావచ్చు. "శ్రుతి పోయింది" అన్నారు. నేనూ అవుననుకున్నాను. మరమ్మతుకు ఇచ్చాను. ఆయన ఇత్తడి నాలుకల కొసలను గీకి శ్రుతి పెంచాడు. కొస గీకితే శ్రుతి పెరుగుతుంది. గీకిన ఇత్తడి మాత్రం తిరిగి రాదు.

ఫ్రాన్సు ప్రభుత్వం 1859లో 'ఎ'కు 435 అని చట్టం చేసిందని చాలా ఏళ్ళకు చదివాను. 440కీ 435కీ నడుమ దూరం సరిగ్గా అరమెట్టులో అయిదోవంతు. పోయిందనుకున్నది శ్రుతి కాదేమో, పారిస్ శ్రుతియే కావచ్చు. జీవితమంతా పిల్లలకు పాఠాంతరాలను దిద్దవద్దని, తాళపత్రంలో ఉన్నది ఉన్నట్టు ముందుగా చదవాలని చెప్పినవాణ్ణి, ఇంట్లోని ప్రతిని నేనే దిద్దించాను.

ఈ సంగతంతా విని మావాడు పెట్టె తెరిచాడు. మరమ్మతు మధ్యస్థాయికే జరిగింది. ఎవరూ వాడని అట్టడుగు మెట్లను ఆయన ముట్టుకోలేదు. ఫోనులోని శ్రుతిమాపకాన్ని దగ్గర పెట్టి కింది ఆరు మెట్టు నొక్కాడు. ముల్లు నేటి 'ఎ'కన్న అరమెట్టులో అయిదోవంతు దిగువన ఊగింది. అది పారిస్ శ్రుతియేనని రూఢిగా చెప్పలేను. చిలుము పట్టినా, నాలుకమీద పసుపుదుమ్ము పేరుకున్నా రీడు కిందకు దిగుతుంది. తుడవనా సార్ అని వాడు అడిగాడు. వద్దన్నాను. వాడు గిటారును ఆ మెట్టుకు కలుపుకుని బాక్‌ను మరొకసారి వాయించాడు.