తుప్పు నుంచి నీటి దాకా

తెలంగాణ చిత్రకళ అనగానే బయటివాళ్ల కళ్ల ముందు మనుషులే మెదులుతారు. తోట వైకుంఠం గీసిన పెద్ద బొట్టు ఆడవాళ్లు, లక్ష్మాగౌడ్ పల్లె జంటలు, పక్కనే వాళ్ల మేకలు. మా నల్లగొండ వైపు కదిరేనిగూడెం నుంచి వచ్చిన ఏలె లక్ష్మణ్ కాన్వాసు నిండా కూడా ఊరివాళ్లే. వాళ్లు నిలబడ్డ నేల మాత్రం చాలాసార్లు వెనకాల రంగుపూతగా ఉండిపోతుంది. పానగల్లు ఉదయసముద్రం కట్టెక్కినా, పాలమూరు గుట్టల మధ్య బస్సులో పోతున్నా నాకు ఇదే ఆలోచన. ఇన్ని బండలు, ఇన్ని చెరువులు ఉన్న సీమలో ప్రకృతిని పట్టుకుని నైరూప్యం దాకా నడిచినవాళ్లు ఇంత తక్కువేమిటి? కొండపల్లి శేషగిరిరావు దక్కను రాళ్లను ఇష్టంగా గీశారు. ఆ దారిలో ఇంకా ముందుకు పోయిన మనిషి కోసం మాత్రం ఖమ్మం వైపు వెళ్లాలి.

ఆ మనిషి చిత్రకారుడు సూర్యప్రకాశ్. 1940లో ఆ వైపు మధిరలో పుట్టారు. అప్పటికి ఖమ్మం జిల్లాయే లేదు. హైదరాబాదు రాష్ట్రంలోని వరంగల్ జిల్లా నుంచి అది 1953లో విడిపోయింది. హైదరాబాదు లలితకళల కళాశాలలో చదివి, 1960ల మొదట్లో ఢిల్లీకి పోయి రామ్‌కుమార్ దగ్గర శిష్యరికం చేశారు. ఈ గురువు సంగతి కొంచెం చెప్పాలి. సిమ్లాలో పుట్టిన రామ్‌కుమార్ పారిస్‌లో ఆంద్రే లోత్, ఫెర్నాండ్ లెజే దగ్గర నేర్చుకుని వచ్చి, మొదట్లో పనిలేని పట్నపు కుర్రాళ్ల వాడిపోయిన ముఖాలు గీశారు. 1960 ప్రాంతంలో ఎం.ఎఫ్. హుసేన్‌తో కలిసి కాశీకి వెళ్లారు. ఆ తర్వాత ఆయన బొమ్మల్లోంచి మనుషులు ఒక్కొక్కరే తప్పుకున్నారు. మెట్లు, గోడలు, గంగ చివరికి రంగు పలకలయ్యాయి.

అలాంటి గురువు దగ్గర నుంచి వచ్చినవాడు వెంటనే చెట్టూ చేమా అందుకుంటాడనుకుంటాం. సూర్యప్రకాశ్ తుక్కు కార్లు అందుకున్నారు! విరిగిన బానెట్లు, తుప్పు పట్టిన రేకులు. నా మటుకు నాకు అవి కూడా ప్రకృతి దృశ్యాలే. తుప్పు అంటే వానా గాలీ ఇనుము మీద చేసిన పనే కదా. ఎండకు పెచ్చులూడిన బండకూ ఆ రేకుకూ పెద్ద తేడా లేదు.

తర్వాత ఆయన నీళ్ల దగ్గరికి వచ్చారు. కొలనులు, రాలిన ఆకులు, నీటిలో చెట్ల నీడలు. ఈ బొమ్మల ముందు కాసేపు నిలబడితే అసలు కిటుకు దొరుకుతుంది. నేలా నింగీ కలిసే గీత కనిపించదు. మనం గట్టు మీద నుంచి కిందికి వంగి చూస్తున్నామన్నమాట. ఆకు నీటి పైన ఉంది, కొమ్మ నీటి లోపల తలకిందులుగా ఉంది, ఆకాశం ఆ రెంటికీ అడుగున ఉంది. ఏది దగ్గర, ఏది దూరం అన్నది కంటికి తేలదు. ఆ తేలకపోవడంలోనే నైరూప్యం మొదలవుతుంది. కొలను కొలనుగానే ఉంటుంది, బొమ్మ మాత్రం రంగుల అల్లికగా మారిపోతుంది.

కలువకొలను అనగానే ఫ్రెంచి చిత్రకారుడు మోనే పేరెత్తడం మనకు అలవాటు. పోలిక తప్పు కాదు కానీ సగమే. మోనే కొలను తాను తవ్వించుకున్నది, తోటమాలి కాపు కాసింది. మా వైపు చెరువు అలా కాదు. కార్తీకంలో తామరాకుల కింద నీళ్లు కనబడవు, వైశాఖానికి నెర్రెలు బారిన ఒండ్రు. నీటి విలువ తెలిసిన సీమవాడు నీటిని చూసే చూపు వేరు. సూర్యప్రకాశ్ రంగుల్లోని ఆబ నాకు అక్కడిదే అనిపిస్తుంది.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రితో ఆయనకు చాలాకాలం అనుబంధం ఉండేది. అక్కడే ఆస్థాన చిత్రకారుడిగా బొమ్మలు వేశారు. 2019 మే నెలలో కన్నుమూశారు. ఆ ఆసుపత్రిలో కంట్లో చుక్కల మందు వేయించుకుని, పాప విచ్చుకునేదాకా ఆయన బొమ్మల ముందు కూర్చునేవాళ్లకు ఆకు అంచులు కరిగి, రంగులు మాత్రమే మిగులుతాయి.