గర్భిణి జబ్బు సెలవు: రెండు చట్టాల లెక్క

1924లో ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టిన ప్రసూతి బిల్లు వీగిపోయింది. బొంబాయి 1929లో తొలి చట్టం చేసింది. కాన్పుకు ముందే జబ్బుపడిన కార్మికురాలి సంగతి 1961 ప్రసూతి ప్రయోజన చట్టం 10వ సెక్షన్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. గర్భధారణ వల్ల వచ్చిన జబ్బుకు రుజువు చూపితే, గరిష్ఠంగా ఒక నెల వేతనంతో కూడిన సెలవు అదనంగా ఇవ్వాలి. అప్పట్లో 12 వారాలున్న ప్రసూతి సెలవులోంచి దాన్ని కోయరాదు.

చిక్కంతా వార్షిక సెలవు దగ్గరే. అది 2025 దాకా 1948 ఫ్యాక్టరీల చట్టం కిందికి వచ్చేది. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికే మరుసటి ఏడు, ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు చొప్పున సెలవు ఉండేది. ప్రసూతి సెలవులో 12 వారాలను, అంటే 84 రోజులను, ఆ 240లో కలిపారు. వాటికి సెలవు మాత్రం జమయ్యేది కాదు. జబ్బు నెల ప్రస్తావన అక్కడ లేదు.

2017 సవరణ ప్రసూతి సెలవును ఇద్దరు పిల్లల వరకు 26 వారాలు చేసింది గాని, ఈ 84ను ముట్టుకోలేదు. ఆ 182 రోజులూ ఒకే ఏడాదిలో పడ్డాయనుకోండి. మిగిలిన 183లో వారపు సెలవులు పోగా సుమారు 157 పనిదినాలు. 84 కలిపితే 241. పండుగల మాట అటుంచి, రెండు రోజులు మంచాన పడితే చాలు, మరుసటి ఏటి సెలవు పోయినట్లే అయ్యేది. ఇది కావాలని చేశారని నేననను. రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చూసినట్లు లేదు.